వావా బాతు, కాశీ మజిలీ

నాకు ఇష్టమైన తెలుగు మాటల్లో మజిలీ ఒకటి. అరబీ 'మంజిల్' ఉర్దూ మీదుగా మనకు వచ్చి ఇలా మారింది. హిందీ పాటల్లో మంజిల్ అంటే చివరికి చేరవలసిన చోటు. తెలుగులో మాత్రం మజిలీ అంటే దారి మధ్యలో ఆగే చోటు. అరబీలో ఆ మాటకు మూలం 'దిగడం' అట. మా అమ్మ ఇప్పటికీ "హోటల్లో దిగాం" అనే అంటుంది. ఏ బండీ దిగకపోయినా అదే మాట!

మజిలీ మీద తెలుగులో పెద్ద పుస్తకాలే ఉన్నాయి. మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు' పన్నెండు భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి వెళుతూ ఒక పశువుల కాపరి పిల్లవాణ్ణి తోడు తీసుకెళతాడు. ప్రతి మజిలీలో ఆ పిల్లవాడు ఏదో ఒక వింత చూసి వస్తాడు. దాని కథ ఏమిటో యతి చెప్పాలి. ఆగకపోతే వింత లేదు, వింత లేకపోతే కథ లేదు.

అది కల్పన. నిజంగా కాశీకి వెళ్ళినాయన ఏనుగుల వీరాస్వామయ్య గారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలో చెప్పింది ఇంకో భాషలో చెప్పే ఉద్యోగి. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చారు. పదిహేను నెలలు! దారిలో రాసుకున్నదంతా 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో 1838లో అచ్చయింది. అందులో ఊరు చిన్నదైనా పేరు ఉంటుంది. దిగడానికి చోటుందా, నీళ్ళు ఎలా ఉన్నాయి, ఏం దొరుకుతాయి అన్నీ రాశారు. పల్లకీ నడకతో వెళితే ఏ ఊరినీ చూడకుండా దాటలేం కదా.

ఇక కెనడా. పోయిన వేసవిలో అమ్మ, నాన్న, నేను సూ సెయింట్ మేరీ నుంచి థండర్ బేకి కారులో వెళ్ళాం. దాదాపు 700 కిలోమీటర్లు, పక్కనే సుపీరియర్ సరస్సు. నాన్న లెక్క ప్రకారం పెట్రోలుకి ఒకసారి, భోజనానికి ఒకసారి ఆగాలి, అంతే.

ఈ దారికి వయసు తక్కువ. 1960 దాకా అగావా నదికీ మారథాన్ ఊరికీ మధ్య కారు వెళ్ళే రోడ్డే లేదు. అన్నీ రాతి కొండలు, వాగులు, బురద నేలలు. కారులో దేశం దాటేవాళ్ళు ఉత్తరాన హర్స్ట్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు. ఆ ఖాళీ పూడిపోయి 1960 సెప్టెంబర్ 17న రోడ్డు తెరుచుకుంది. రెండేళ్ళ తర్వాత ప్రధాని డీఫెన్‌బేకర్ రోజర్స్ పాస్ దగ్గర ట్రాన్స్-కెనడా హైవేని ప్రారంభించారు. ఆ తేదీ కూడా సెప్టెంబర్ 3. వీరాస్వామయ్య గారు ఇల్లు చేరిన తేదీయే, 131 ఏళ్ళ తర్వాత. ఇందులో అర్థమేమీ లేదు, నాకు సరదాగా అనిపించింది అంతే.

ఆ ఖాళీ మధ్యలో ఉన్న ఊరు వావా. ఓజిబ్వే భాషలో ఆ మాటకు అడవి బాతు అని అర్థం చెబుతారు. ఒకప్పుడు ఇనుప గనుల ఊరు. దగ్గర్లోనే మిషిపికోటన్ నది సరస్సులో కలుస్తుంది. తోళ్ళ వ్యాపారం రోజుల్లో అక్కడ హడ్సన్స్ బే కంపెనీ కొట్టు ఉండేది. జేమ్స్ బే వైపు వెళ్ళే పడవలకు అది మజిలీయే.

రోడ్డు వస్తుందంటే ఊరివాళ్ళు సంతోషించారు. కానీ హైవే ఊరి బజారు గుండా కాకుండా పక్కనుంచి వెళ్ళింది. కార్లు ఆగకుండా పోతే దుకాణాలకి ఏం మిగులుతుంది? అప్పుడు ఆల్ టర్కాట్ అనే వ్యాపారి, హైవే మలుపులో పెద్ద బాతు బొమ్మ పెడదాం అన్నాడు. రోడ్డు తెరిచిన రోజే దాన్ని కూడా ఆవిష్కరించారు. మొదటిది ప్లాస్టర్ బొమ్మ. అక్కడి చలికి, వానకి అది తట్టుకోలేదు. 1963లో ఉక్కుతో 28 అడుగుల బాతు చేయించారు. అది కూడా తుప్పు పట్టాక 2017లో కొత్తది పెట్టారు.

రోడ్డు పక్క పెద్ద బొమ్మలంటే చాలామంది నవ్వుతారు. నాకైతే నవ్వు రాలేదు. మజిలీని రోడ్డు తీసేస్తే ఊరివాళ్ళు చేత్తో మళ్ళీ కట్టుకున్నారు. అనుకోకుండా ఆగాం అని మనం అంటాం. మనం ఆగాలని అక్కడ ఎవరో అరవై ఏళ్ళుగా కష్టపడుతున్నారు.

అన్ని మజిలీలూ అలాంటివి కావు. వావాకి ముందే అమ్మ ఒక బోర్డు చూసి "ఆపండి, ఆపండి" అంది. అగావా రాతి బొమ్మలు. నిటారుగా ఉన్న బండ మీద ఎర్ర రంగుతో ఓజిబ్వే వాళ్ళు వేసినవి. పడవలు, కొమ్ములున్న మిషిపెషు అనే నీటి ప్రాణి. స్కూల్‌క్రాఫ్ట్ అనే ఆయన ఓజిబ్వే పెద్ద ఒకరి దగ్గర విన్నది 1851లో అచ్చువేస్తే, అది పట్టుకుని వెతికి సెల్విన్ డ్యూడ్నీ 1958లో ఈ బండని చూశాడు. 'కనుక్కున్నాడు' అని రాస్తుంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఓజిబ్వే వాళ్ళు దాన్ని ఎప్పుడు పోగొట్టుకున్నారు?

బండ దగ్గరికి మెట్లు బాగా దిగాలి. చివర్లో వాలుగా ఉన్న రాయి మీద, సరస్సు అంచున నడవాలి. అలలు పెద్దగా ఉంటే వెళ్ళనివ్వరు. మేం వెళ్ళేసరికి నీళ్ళు కదలడం లేదు. అయిదు నిమిషాలు అన్న నాన్న మిషిపెషు ముందు అరగంట నిలబడ్డారు. "దీని కథేంటి?" అని నన్నడిగారు. కాశీమజిలీలో పిల్లవాడు అడిగినట్టే, కాకపోతే ఇక్కడ అడిగింది నాన్న. నేను బోర్డు మీద ఉన్నది తెలుగులో చెప్పాను. 'అల'కి, 'కెరటా'నికి తేడా ఏమిటని మధ్యలో అమ్మని అడగాల్సి వచ్చింది.

పాత బాతు ఒకటి వావా ఊళ్ళో ఒక దుకాణం ముందు ఉంది. అది చూడాలంటే హైవే దిగి లోపలికి వెళ్ళాలి. ఈసారి నాన్నే కారు తిప్పారు. ఫడ్జ్ కొన్నారు, దుకాణం ఆయనతో గనుల గురించి మాట్లాడారు. థండర్ బే చేరేసరికి రాత్రి పదకొండు దాటింది.