ఉప్పు, చక్కెర, మంచినీరు

గంజాము మండలము 1936 వరకు మద్రాసు రాజధానిలో నుండి, ఆ యేట ఒరిస్సాలో చేరిన సంగతి పాఠకులకు విదితమే. ఇచ్చటి తెలుగువారి యిండ్లలో జగన్నాథయాత్ర ముచ్చట యెంత పాతదో, కలరా భయమును అంత పాతది. పూరీకి పోయి తిరిగిరాని వారినిగూర్చి మా అమ్మమ్మగారు చెప్పుచుండెడివారు. రోగి దాహమని అలమటించుచున్నను, నీరిచ్చిన విరేచనములు హెచ్చునని తలచి, తడిబట్టతో పెదవులు మాత్రము తుడిచెడివారట. ఆమె తమ్ముడొకడు అట్లే పోయెను. ఆ దుఃఖ మామెను కడవరకు వీడలేదు.

ఆ పొరపాటు మన యిండ్లకే చెందినది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున దొరల వైద్యులును కలరా రోగులకు రక్తము తీసెడివారు. 1832లో స్కాట్లండునందలి లీత్ పట్టణమున థామస్ లట్టా యను వైద్యుడు రక్తనాళములలోనికి ఉప్పునీటి నెక్కించి కొందరిని బ్రతికించెను. ఒంటిలోని నీరును, లవణములును పోవుటయే ప్రాణాపాయమని అతడు గ్రహించినను, ఆ పద్ధతి చిరకాలము మూలబడెను. 1953లో కలకత్తాయందు హేమేంద్రనాథ్ ఛటర్జీ నోటిద్వారా చేసిన కలరా చికిత్సను ప్రకటించెను. గ్లూకోజు తోడైనచో ప్రేగు ఉప్పును, దానివెంట నీటిని గ్రహించునని 1960వ దశకమున శాస్త్రజ్ఞులు తేల్చిరి.

1971లో తూర్పు బెంగాలునుండి వచ్చిన కాందిశీకులలో కలరా చెలరేగెను. బన్‌గావ్‌లో సెలైను నిండుకొనగా, డాక్టరు దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి ముప్పది వరకు నున్న మరణములు నాలుగింటికి లోపునకు దిగెను. ఆయన 2022లో గతించగా, 2023లో పద్మవిభూషణ బిరుద మీయబడెను.

నాలుక యెండుట, మూత్రము తగ్గి ముదురురంగు దాల్చుట, కన్నులు లోతుకు పోవుట, గిల్లి విడిచిన చర్మము వెంటనే సర్దుకొనకుండుట, పసిబిడ్డ కన్నీరు లేక యేడ్చుట — ఇవి ఒంట నీరు తగ్గిన గుర్తులు. మందుల దుకాణపు పొట్లము దొరకనిచో, లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు తలకొట్టి కొలిచి కలిపి, కొంచెము కొంచెముగ త్రాగింపవలెను. ఉప్పు హెచ్చరాదు. చంటిబిడ్డకు తల్లిపాలు మానరాదు. రోగి మగతపడినను, త్రాగలేకున్నను తక్షణమే ఆసుపత్రికి చేర్పవలెను.

మా అమ్మమ్మగారి తమ్ముని నిలుపగల వస్తువులు ఆనాడును వంటయింటనే యుండెను. తెలివిడి మాత్రమే లేకపోయెను. నేడది మన ప్రతి యింట నుండవలెనని మా కోరిక.