మేళమూ, మేళవింపూ

మా మనవడికి నేనొక అబద్ధం చెప్పాను. తెలిసి చెప్పింది కాదు. కానీ ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడు తెలియక చెప్పినా అబద్ధం అబద్ధమే. దాన్ని దిద్దుకునే ప్రయత్నంలో చదివిన సంగతులు బ్లాగ్మిత్రులతో పంచుకుందామని ఈ టపా.

మాదాపూరులో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన రోజుల్లో ఏదో పని మీద ఈ వైపు వచ్చినప్పుడు నాకు కనిపించినవి బండరాళ్ళూ, తుప్పలూ, వాటి మధ్య ఆ గుండ్రటి కట్టడమూ. ఇప్పుడు మా బాల్కనీ నుంచి చూస్తే అద్దాల మేడలు తప్ప రాయి కనపడదు. మనవడికి పదకొండేళ్ళు. శనివారం సాయంత్రాలు ఒక కుర్రవాడు వచ్చి కీబోర్డు నేర్పుతాడు. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారాంతంలో ఈ వ్యాసంగం. ఒకనాడు పాఠం అయ్యాక మావాడు అడిగాడు.

"తాతయ్యా, మన సంగీతంలో కార్డ్సు ఉంటాయా?"

కార్డు అంటే రేషను కార్డు కాదనీ, రెండు మూడు స్వరాలను ఒకేసారి మోగించడమనీ నాకప్పటికే తెలుసు. "ఎందుకుండవురా నాన్నా! 'మేళం' అంటే ఏమనుకున్నావు? 'మిల్' ధాతువు. కలయిక అని అర్థం. వాళ్ళు హార్మొనీ అన్నదాన్నే మనవాళ్ళు ఎప్పుడో మేళం అన్నారు. డెబ్బై రెండు ఉన్నాయి మనకు!" అన్నాను. వ్యుత్పత్తి చెప్పేశాక ఇక పండితుణ్ణి ఆపేదెవరు?

మరుసటి శనివారం వాడు ఆ మాటే గురువుగారికి అప్పజెప్పాడు. ఆ కుర్రవాడు మర్యాదస్థుడు. "మేళం అంటే స్కేలు సర్, కార్డు కాదు" అని మాత్రం మెల్లగా అన్నాడు. మనవడు నా వైపొకసారి చూశాడు. ఆ తర్వాత పదిహేను రోజులు నన్నేమీ అడగలేదు. ఆ మౌనమే నన్ను పుస్తకాల దగ్గరకు నడిపించింది.

ముందు మేళం సంగతి. విద్యారణ్యుల వారి సంగీతసారంలో పదిహేను మేళాలు చెప్పారని, పదిహేడో శతాబ్దిలో గోవింద దీక్షితుల పేర వచ్చిన సంగీతసుధ వల్ల తెలుస్తుంది. మూలగ్రంథం దొరకలేదు. మనకు నిలిచిన పెద్ద ఆధారం రామామాత్యుని స్వరమేళకళానిధి. అళియ రామరాయల ప్రోత్సాహంతో 1550లో రాసిన సంస్కృత గ్రంథం. ఇరవై మేళాలు చెప్పాడు. ఆ తర్వాత 1609లో రాగవిబోధం రాసిన సోమనాథుడు మన రాజమహేంద్రవరం వాడంటారు. ఆయన వాడుకున్నవి ఇరవై మూడు. తంజావూరులో గోవింద దీక్షితుల కుమారుడు వేంకటమఖి చతుర్దండీప్రకాశికలో ఈ లెక్కకు గణితం కట్టాడు. షడ్జ పంచమాలు కదలవు. రిషభ గాంధారాల జంటలు ఆరు, ధైవత నిషాదాల జంటలు ఆరు, వెరసి ముప్పై ఆరు. మధ్యమాలు రెండు గనుక డెబ్బై రెండు. ఆయన కాలానికి వాటిలో ప్రచారంలో ఉన్నవి పందొమ్మిదేనని ఆయనే చెప్పాడు. మిగిలినవి రాబోయే రాగాలకు ముందే కట్టి పెట్టిన ఖాళీ ఇళ్ళన్నమాట.

కటపయాది తెలిసినవారికి ఈ ఇళ్ళ నంబర్లు పేర్లలోనే ఉంటాయి. ధీరశంకరాభరణంలో 'ధ' తొమ్మిది, 'ర' రెండు. తిరగేస్తే ఇరవై తొమ్మిది. పాశ్చాత్యుల మేజరు స్కేలు సరిగ్గా ఇదే. 'నఠభైరవి' అన్నచోట ఠకారం ఎందుకొచ్చిందో నేను విద్యార్థిగా ఉన్నప్పుడు అంతుబట్టేది కాదు. 'న' సున్న, 'ఠ' రెండు, తిరగేస్తే ఇరవై. అది వాళ్ళ సహజ మైనరు. కీరవాణి ఇరవై ఒకటి, అదే వాళ్ళ హార్మోనిక్ మైనరు. స్కేళ్ళ వరకు ఎవరి ముందూ మనం తల దించుకోనక్కరలేదు.

అయితే కార్డు వేరే వస్తువు. శంకరాభరణం సరిగమపదని తీసుకొని, ఒకటి వదిలి ఒకటి చొప్పున మూడేసి స్వరాలు ఏరండి. సగప, రిమద, గపని, మదస, పనిరి, దసగ, నిరిమ. సగప, మదస, పనిరి ఒక జాతి. వీటిలో మొదటి స్వరం నుంచి రెండోదానికి నాలుగు మెట్లు, అక్కడినుంచి మూడోదానికి మూడు. ఇవి మేజరు. రిమద, గపని, దసగ తలకిందులు, ముందు మూడు, తర్వాత నాలుగు. ఇవి మైనరు. నిరిమ ఒక్కటీ రెండు వైపులా మూడే, కుంటిది. పాట నడుస్తుండగా దాని కింద ఈ గుంపులు మారుతూ ఉండడమే హార్మొనీ. మేళం ఊరి పటమైతే, కార్డు ఆ ఊళ్ళో ముగ్గురు ఒకచోట కూర్చోవడం.

ఇందులో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. గాయకుడు షడ్జం మీదే నిలబడ్డాడనుకోండి. కింద సగప మోగితే ఆ షడ్జం యజమాని. మదస మోగితే అదే షడ్జం చుట్టం. దసగ మోగితే దానికి కొంచెం దిగులు పట్టుకుంటుంది. శబ్దం మారలేదు, అన్వయం మారింది. పదహారో శతాబ్దిలో పింగళి సూరన రాఘవపాండవీయంలో చేసింది ఇదే కదా! పద్యం ఒకటే, ఒక అన్వయంలో రామాయణం, మరొక అన్వయంలో భారతం. ద్వ్యర్థి కావ్యం రుచి తెలిసినవాడికి హార్మొనీ పరాయిది కాదనిపించింది.

మరి సూరన పుట్టిన నేల మీద స్వరాలకు ఈ పని ఎందుకు చేయలేదు?

రామామాత్యుడు దాని గుమ్మం దాకా వెళ్ళాడు. వీణకు మెట్లు అమర్చడం చెప్పేటప్పుడు ఆయన స్వయంభూ స్వరాలని కొన్నిటి ప్రస్తావన చేశాడు. ఒకే తంత్రి మీటితే దానిలోంచి తమంతట తాము పుట్టే స్వరాలని పండితులు కొందరు దీన్ని అన్వయించారు. తంబురాలో మంద్ర షడ్జం తీగ మీటి ఊరుకోండి. కాసేపటికి అంతర గాంధారం వినిపిస్తుంది. విద్వాంసులు స్వయంభూ గాంధారమనేది దీన్నే. పంచమం ఎలాగూ వినబడుతుంది. అంటే సగప అనే కార్డు తంబురా కడుపులోనే ఉంది! 1558లో వెనిస్‌లో జార్లినో అనే సంగీతశాస్త్రజ్ఞుడు ఒకటి నుంచి ఆరు వరకు గల అంకెలతో శ్రావ్యతనంతా వివరించబోయాడు. సగపలు 4, 5, 6 నిష్పత్తిలో ఉంటాయి. 1722లో ఫ్రాన్సులో రామో, కార్డులోని స్వరాలను ఎటు తిప్పి పేర్చినా దాని మూలస్వరం ఒకటేనని సిద్ధాంతం చేశాడు. (రామామాత్యుడికీ రామోకూ పేర్ల పోలిక చూసి మురిసిపోవద్దని మనవి. ఆ జబ్బు వల్లనే కదా నాకీ అవస్థ!)

ఎనిమిదేళ్ళ తేడాతో రెండు గ్రంథాలు, రెండు దారులు. అక్కడ నేల కదలడం మొదలైంది, ఇక్కడ షడ్జం పాతుకుపోయింది. మన పాటకు కింద ఉన్న ఆధారం ఆద్యంతం ఒకటే. దాని మీద స్వరం గమకంతో ఊగుతుంది. తోడి గాంధారం ఒకచోట నిలబడని వస్తువు. దాని పక్కన మరో రెండు స్వరాలను కదలకుండా కూర్చోబెడితే ఊగేదాని ఊపు చస్తుంది. చేతగాక మానుకున్నారని నేననుకోను. ఒకటి కావాలనుకున్నప్పుడు రెండోది వదులుకున్నారు. అయితే వదులుకున్నది చిన్నదని కూడా ఇప్పుడు అనలేను.

రెండు దారులూ ఎదురుపడ్డ ఘట్టం ముత్తుస్వామి దీక్షితుల వారిది. ఆయన కాలం 1775 నుంచి 1835. మణలి ముదలియార్ల ఆశ్రయంలో ఉండగా మద్రాసు కోటలో బ్యాండు వాయించే వరుసలు విన్నారు. తమ్ముడు బాలుస్వామి ఒక యూరోపియను దగ్గర వయొలిన్ నేర్చి మన కచేరీకి తెచ్చారు. అన్నగారు ఆ బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. అవే నొట్టుస్వరాలు. ఇంగ్లీషువారి రాజగీతపు వరుసకు 'సంతతం పాహిమాం' ఆయన కూర్చిందే. అన్నీ శంకరాభరణం స్వరాలే, గమకం దాదాపు లేదు. కానీ గమనించండి. దీక్షితుల వారు తీసుకున్నది పైన నడిచే వరుసను మాత్రమే. కింద బూరాలు పట్టిన తోడుస్వరాలు ఆ సాహిత్యంతో రాలేదు. వయొలిన్ వచ్చింది, వరుస వచ్చింది, కార్డు కోటలోనే ఉండిపోయింది.

1980లో విడుదలైన 'శంకరాభరణం'లో గిటార్ల కుర్రవాళ్ళ వరుసను శాస్త్రిగారు అక్కడికక్కడే తిరిగి పాడి చూపినప్పుడు హాల్లో నేనూ చప్పట్లు కొట్టాను. ఆయన తిరిగి పాడిందీ వరుసే. ఒక గొంతుకు అంతకంటే సాధ్యం కాదు కూడాను.

పదహారో రోజున మనవణ్ణి నేనే పిలిచాను. "ఒరేయ్, ఆ రోజు నేను చెప్పింది తప్పు. మీ సారు చెప్పిందే ఒప్పు" అన్నాను. వాడు ఆశ్చర్యంగా చూశాడు. మా ఆవిడ పెళ్ళికి ముందు నాటి తంబురా అటక మీద ఉంటే దింపి, తీగలు మార్పించి, కీబోర్డు మీది జి మెట్టుకు, అంటే మన ఐదు శ్రుతికి కలిపించాను. మా ఆవిడ మీటుతుంటే వాడు బుర్రకు చెవి ఆనించి కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ వినపడలేదన్నాడు. తర్వాత ఒక్కసారి, "నాన్నమ్మా, గ! ఎవరూ మీటకుండానే గ వస్తోంది!" అని అరిచాడు. పరుగున వెళ్ళి కీబోర్డులో బి మెట్టు నొక్కాడు. మొహం ముడుచుకున్నాడు.

"తాతయ్యా, కీబోర్డు గ కొంచెం పైకుంది."

ఉంటుంది. ఏ స్వరం నుంచైనా కార్డు కట్టడానికి వీలుగా కీబోర్డులో పన్నెండు మెట్లనూ సమంగా పంచేశారు. అరస్వరాన్ని నూరు భాగాలు చేస్తే, దాని గాంధారం తంబురాలో పుట్టే గాంధారం కన్నా సుమారు 14 భాగాలు పైన ఉంటుంది. నేల కదలడానికి వాళ్ళు చెల్లించిన పన్ను అది. ఈ మాట నేను వాడికి చెప్పలేదు. సారునే అడగమన్నాను.

శనివారం ఆ కుర్రవాడు వచ్చాడు. మావాడు కీబోర్డు దగ్గర కూర్చోనివ్వకుండా చెయ్యి పట్టి తంబురా దగ్గరకు లాక్కుపోయాడు. ల్యాప్‌టాప్ సంచీ భుజాన ఉండగానే అతను నేల మీద చతికిలబడి బుర్రకు చెవి ఆనించాడు.