డెంటల్ ‘వచ్చింది’: బీడీఎస్ ప్రవేశాల్లో ఎంపిక ఎక్కడ?

దంతవైద్య విద్యలో ప్రవేశాల గురించి మన దగ్గర రాసినవారందరూ ఒకే తప్పు చేశారు. వ్యాసమంతా ఎంబీబీఎస్ గురించి రాసి, చివర ‘బీడీఎస్‌కూ ఇదే వర్తిస్తుంది’ అని ఒక వాక్యం తగిలించారు. నీట్‌ను సమర్థించినవారూ అంతే, వ్యతిరేకించినవారూ అంతే. ఆ చివరి వాక్యం తప్పని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం. మన విశ్వవిద్యాలయాలు ఎంబీబీఎస్‌కు విద్యార్థులను ఎంపిక చేస్తున్నాయి. బీడీఎస్‌కు మాత్రం ఎంపిక చేయడం లేదు, మిగిలినవారిని సర్దుతున్నాయి.

ఈ అనుమానం నాకు నేను పాఠం చెప్పే డెంటల్ కాలేజీ కార్వింగ్ ల్యాబ్‌లో పుట్టింది. మొదటి ఏడాది విద్యార్థికి మైనపు దిమ్మ, దాన్ని చెక్కే లెక్రాన్ కార్వర్ ఇచ్చి పై దవడ మధ్య కుంతకం చెక్కమంటాం. పుస్తకం కొలతల ప్రకారం కిరీటం ఎత్తు 10.5 మిల్లీమీటర్లు, వెడల్పు 8.5, వేరు 13. కొలతలు స్కేలు పెట్టి ఎవరైనా తెస్తారు. చిక్కంతా మూలల దగ్గరే. అంచున మధ్యరేఖ వైపు మూల పదునుగా, దాదాపు లంబకోణంలో ఉండాలి, అవతలి మూల కాస్త గుండ్రంగా తిరగాలి. ఆ చిన్న తేడా పడకపోతే అది కుడి పన్నో ఎడమ పన్నో చెప్పలేం. చాలామంది రెండు మూలలనూ ఒకేలా చెక్కి తెస్తారు. మూడు నాలుగు దిమ్మలు పాడయ్యాక గానీ కన్ను ఆ తేడాను పట్టదు.

ఒక ఏడాది ఒక అమ్మాయి మొదటి దిమ్మలోనే ఆ గుండ్రం తెచ్చింది. వేరు కొనకు వచ్చేసరికి మైనం విరగకుండా కార్వర్‌ను వేలికి ఆనించి, లోపలికి కాక బయటికి లాగుతోంది. అది మేం ఇంకా చెప్పని పట్టు. ‘ఎక్కడ నేర్చుకున్నావమ్మా?’ అని అడిగాను. ‘ఎక్కడా లేదు మేడమ్. మా అమ్మ మగ్గం వర్క్ చేస్తుంది. పదో తరగతి నుంచి పూసలు నేనే కుట్టేదాన్ని’ అంది. మరి డెంటల్‌కి ఎలా వచ్చావంటే, ‘ఎంబీబీఎస్ రాలేదు మేడమ్. డెంటల్ వచ్చింది’ అంది. రెండు నెలలు తిరక్కుండానే టీసీ తీసుకుని లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్లిపోయింది. ఆమె చెక్కిన పన్ను ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

క్రియల సాక్ష్యం

ఆ రోజు నుంచి కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌నూ ఒకటే ప్రశ్న అడుగుతున్నాను: ‘ఇక్కడికి ఎలా వచ్చారు?’ వాళ్ల మాటలను వాళ్లు అన్నట్టే నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. లెక్క కట్టడం నా ఉద్దేశం కాదు, వాళ్లు ఏ క్రియ వాడతారో చూడడమే.

తెలుగులో ఎంబీబీఎస్ సీటును ‘కొడతారు’. ‘మావాడు మెడిసిన్ సీటు కొట్టాడు’ అంటారు. కొట్టడంలో కర్త ఉన్నాడు, గురి ఉంది, గెలుపు ఉంది. డెంటల్ సీటు మాత్రం ‘వస్తుంది’. జ్వరం వచ్చినట్టు, వాన వచ్చినట్టు, ఇందులో కర్త విద్యార్థి కాదు, సీటే. ‘డెంటల్ వచ్చింది’, ‘డెంటల్‌లో పడ్డాను’, ‘డెంటల్‌తో సరిపెట్టుకున్నాం’ అనే మూడు మాటలే నా నోట్‌బుక్ నిండా ఉన్నాయి. తల్లిదండ్రులైతే ‘వచ్చింది’కి ముందు ‘కనీసం’ చేరుస్తారు. ‘ఎంచుకున్నాను’ అన్నవారూ ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఇంట్లో ఎవరో ఒకరు పళ్ల డాక్టరు అయినవారే.

భాషను ఇంత నమ్మవచ్చా అని పరిశోధకులు అడుగుతారు. నమ్మాలి. దరఖాస్తు ఫారంలో ‘ఈ కోర్సు నీకు కావాలా?’ అని అడిగే గడే లేనప్పుడు, అభ్యర్థి ఇష్టం తెలిసే చోటు అతని మాట ఒక్కటే. పదిహేడు పద్దెనిమిదేళ్ల వయసులో తన చదువును తాను కర్తగా చెప్పుకోలేని విద్యార్థి, ఐదేళ్ల తర్వాత కుర్చీలో కూర్చున్న రోగి ముందు కర్తగా నిలబడలేడు.

ర్యాంకు జల్లెడ

ఈ క్రియలు ఊరికే పుట్టలేదు, వ్యవస్థే వాటిని పుట్టించింది. 1986లో ఎంసెట్ మొదలైన నాటి నుంచి మన రాష్ట్రాల్లో వైద్యానికీ దంతవైద్యానికీ ఒకే పరీక్ష, ఒకే ర్యాంకు. వైద్యానికి ఎంసెట్ ఉన్న చివరి ఏళ్లలో బోటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మొత్తం 160 మార్కులు. ఆపైన ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ. 2017 నుంచి ఆ స్థానంలో నీట్ వచ్చింది. 720 మార్కుల్లో సగం జీవశాస్త్రం, తప్పు జవాబుకు మైనస్ ఒకటి. ఇంటర్ మార్కులు అర్హతకు తప్ప ర్యాంకుకు పనికిరావు. పరీక్ష మారినా జల్లెడ మారలేదు. పై రంధ్రాల్లో ఎంబీబీఎస్ నిలుస్తుంది, కింద రాలినది బీడీఎస్ అవుతుంది.

కౌన్సెలింగ్ కూడా ఈ వరుసనే స్థిరపరుస్తోంది. వరంగల్‌లోని కాళోజీ వర్సిటీ అయినా, విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అయినా రాష్ట్ర కోటాలో ముందు ఎంబీబీఎస్ విడతలు మొదలుపెడతాయి, బీడీఎస్ వెబ్ ఆప్షన్లు వెనక వస్తాయి. అప్పటికి ఎంబీబీఎస్ ఆశ వదులుకున్నవారు, ఇంకా మాప్-అప్ రౌండు మీద ఆశ ఉన్నవారు ఇద్దరూ బీడీఎస్ జాబితాలోకి వస్తారు. రెండో రకంవారు చేరి, ఫీజు కట్టి, నెల తిరగకుండా వెళ్లిపోతారు. అఖిల భారత కోటాలో రెండు కోర్సుల ఆప్షన్లనూ ఒకే జాబితాలో పెట్టుకోవచ్చు, బీడీఎస్‌ను మొదట పెట్టడానికీ అడ్డు లేదు. కానీ పెట్టినవారిని వేరుగా గుర్తించే ఏర్పాటు అక్కడా లేదు.

ఈ పరీక్షలో దంతాల వాటా ఎంత? ఒకప్పుడు ‘జీర్ణక్రియ, శోషణ’ పాఠంలో కుంతకాలు, రదనికలు, చర్వణకాలు, దంత సూత్రం అంటూ ఒక పేజీ ఉండేది. 2024 నుంచి ఆ పాఠమే నీట్ సిలబస్‌లో లేదు. పళ్ల డాక్టర్లను ఏరే పరీక్షలో పళ్ల పాఠం లేదంటే, అది ఎవరి కోసం తయారైన పరీక్షో వేరే చెప్పనక్కర్లేదు.

బీడీఎస్‌ను కోరి ఎంచుకోవడం లేదనడానికి బలమైన రుజువు సుప్రీంకోర్టు రికార్డుల్లోనే ఉంది. 2020–21లో దేశవ్యాప్తంగా సుమారు 7 వేల బీడీఎస్ సీట్లు మిగిలిపోయాయి. అర్హత పర్సెంటైల్ తగ్గించాలని డెంటల్ కౌన్సిల్ సిఫారసు చేసింది, కేంద్రం ఒప్పుకోలేదు. కేంద్రం చెప్పిన కారణాలను మన పరిశోధకులు శ్రద్ధగా చదవాలి. ఒక్కో సీటుకు అర్హులు ఏడుగురు ఉన్నారు, అంటే అర్హులకు కొరత లేదు. విద్యార్థులే బీడీఎస్ కంటే ఎంబీబీఎస్ కోరుకుంటున్నారు. పైగా ప్రైవేటు కాలేజీల్లో ఫీజులు ఎక్కువ. హర్షిత్ అగర్వాల్ కేసులో 2021 ఫిబ్రవరి 8న కోర్టు ఈ నిర్ణయాన్ని కొట్టివేసి, ఆ ఏడాదికి పర్సెంటైల్‌ను 10 తగ్గించమంది. జనరల్ అభ్యర్థులకు 50 నుంచి 40కి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 నుంచి 30కి దిగింది. ఫీజు తగ్గించే విషయం ఆలోచించమని యాజమాన్యాలకు సూచించింది.

వాదప్రతివాదాల్లో ఎవరు గెలిచారన్నది ఇక్కడ ముఖ్యం కాదు. కోరుకునేవాళ్లు లేక సీట్లు మిగిలాయని కేంద్రమే చెప్పింది. వచ్చిన పరిష్కారం మాత్రం, మార్కులు తక్కువ వచ్చినవారికి గేటు తెరవడం. కోరిక లేనిచోట కోరికను వెతకాలి గానీ గీతను దించితే ఏం లాభం? గీత దించిన ప్రతిసారీ ‘డెంటల్ అంటే మిగిలింది’ అన్న అభిప్రాయం మరింత గట్టిపడుతుంది.

జస్టిస్ రాజన్ కమిటీతో పేచీ

నీట్‌ను విమర్శించినవారిలో అందరూ ఉదహరించేది తమిళనాడు ప్రభుత్వం 2021లో నియమించిన జస్టిస్ ఏ.కె. రాజన్ కమిటీ నివేదిక. నీట్ సంపన్నులకు, ఇంగ్లీషు మీడియం వారికి, కోచింగ్ తీసుకుని రెండోసారి మూడోసారి రాసేవారికి మేలు చేసిందని కమిటీ తేల్చింది. ప్లస్ టూ మార్కులతోనే ప్రవేశాలు ఇవ్వాలంది. ఆ సెప్టెంబరులోనే తమిళనాడు శాసనసభ వైద్యంతో పాటు దంతవైద్యం, భారతీయ వైద్యం, హోమియోపతిలను కూడా కలిపి బిల్లు ఆమోదించింది. కోచింగ్ గురించి కమిటీ చెప్పింది నిజమే.

కానీ నివేదిక ప్రధానంగా ఎంబీబీఎస్ లెక్కలతో వాదించింది, తీర్పు బీడీఎస్‌కు కూడా ఇచ్చేసింది. నా పేచీ అక్కడే. ఎంబీబీఎస్ విషయంలో ‘సీటు ఎవరికి దక్కుతోంది?’ అన్నది సరైన ప్రశ్న. పది మంది కోరుకునే వస్తువును పంచడంలో న్యాయం చూడాలి. బీడీఎస్‌లో సీట్లే మిగిలిపోతున్నాయి. అక్కడ అడగాల్సింది ‘సీటు ఎవరికి కావాలి? ఆ పనికి ఎవరు తగినవారు?’ అని. ఈ ప్రశ్న కమిటీకి తట్టలేదు.

పైగా కమిటీ చెప్పిన మందును ఆ రాష్ట్రం అప్పటికే వాడి చూసింది. 2007 నుంచి 2016 వరకు తమిళనాడులో ప్రవేశ పరీక్షే లేదు. ప్లస్ టూ మార్కుల మీద ఒకే ర్యాంకు జాబితా, దాంతోనే ఎంబీబీఎస్, దాంతోనే బీడీఎస్. అక్కడా పై ర్యాంకులు ఎంబీబీఎస్‌కు వెళ్లాయి, తర్వాతివారికి డెంటల్ వచ్చింది. మన ఎంసెట్‌లో 25 శాతం ఇంటర్ వెయిటేజీ ఉన్నప్పుడూ ఇదే కథ. మార్కు ఎక్కడి నుంచి తెచ్చినా మార్కే. బడి మార్కయితే బీద విద్యార్థికి మేలు కావచ్చు, ఆ విద్యార్థి దంతవైద్యాన్ని కోరుకున్నాడని మాత్రం అది చెప్పదు. కమిటీ జల్లెడ మార్చింది గానీ జల్లెడ పట్టే పద్ధతి మార్చలేదు. నీట్ సమర్థకులకూ కమిటీకీ ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

చేయి, కన్ను

దంతవైద్యం పుస్తకంతో పాటు చేతి పని కూడా అని ఇతర దేశాల వర్సిటీలు ఎప్పుడో గుర్తించాయి. అమెరికాలో డెంటల్ అడ్మిషన్ టెస్ట్ 1950లో దేశమంతటా మొదలైనప్పుడు అందులో సుద్దముక్క చెక్కే పరీక్ష ఉంది. 1972లో దాన్ని తీసేసి, ఆకారాలను మనసులో తిప్పి చూసే పరీక్ష పెట్టారు. నేటికీ ఆ భాగంలో 60 నిమిషాల్లో 90 ప్రశ్నలుంటాయి. ఒక వస్తువు ఏ రంధ్రంలోంచి దూరుతుంది, నాలుగు కోణాల్లో ఏది చిన్నది, మడిచి చిల్లు పొడిచిన కాగితం విప్పితే చిల్లులు ఎక్కడుంటాయి వంటివి. కెనడాలో ఇటీవలి కాలం వరకు సబ్బు చెక్కించారు. బ్రిటన్‌లో ఇంటర్వ్యూ దాటకుండా సీటు ఇవ్వరు. కొన్నిచోట్ల అభ్యర్థి చేతికి తీగ ఇచ్చి బొమ్మ చూసి వంచమంటారు.

ఇవి ఎందుకు అవసరమో మా క్లినిక్‌లో నిలబడితే తెలుస్తుంది. పై దవడ చర్వణకంలో పిప్పి తీసేటప్పుడు విద్యార్థి పన్నును నేరుగా చూడడు, నోటి అద్దంలో చూస్తాడు. అద్దంలో డ్రిల్లు ముందుకు వస్తున్నట్టు కనిపిస్తే నిజానికి వెనక్కి పోతోంది. కన్ను చెప్పినదానికి చేయి ఎదురు నడవాలి. ఈ తిరకాసు కొందరికి వారంలో పట్టుబడుతుంది, కొందరికి ఏడాదికీ పట్టుబడదు. ఆ రెండో రకం విద్యార్థి 720కి ఎన్ని తెచ్చుకున్నా, ఆ ఏడాదంతా నేర్చుకునేది రోగి పన్ను మీదే.

చేతి నేర్పు పరీక్షకూ తర్వాతి క్లినికల్ మార్కులకూ సంబంధం బలహీనమని చూపిన అధ్యయనాలు ఉన్నాయి, సాధనతో చేయి కుదురుతుందన్న మాటా ఉంది. కానీ ఆ అధ్యయనాలు చాలావరకు అప్పటికే కోరి చేరిన విద్యార్థుల మీద జరిగినవి. కోరిక, చేయి రెండూ లేని విద్యార్థి మన దగ్గరే ఉన్నాడు. అతన్ని చూడకుండా చేసిన నిర్ధారణ మనకు పనికిరాదు. మన పల్లెల్లో పిప్పిపన్నును లవంగంతో నెట్టుకొచ్చి, చివరికి పీకించుకోవడానికే డాక్టరు దగ్గరికి వెళ్లే అలవాటు ఇంకా పోలేదు. ఇందుకు వైద్యుల కొరతను నిందిస్తాం. నేననేది, ఆ వృత్తిని ఇష్టపడి ఎంచుకున్న వైద్యుల కొరత అని.

ఏం చేయాలి

ఇంటర్వ్యూలు, చేతి పరీక్షలు అనగానే పైరవీలు, డబ్బు గుర్తొస్తాయి. ఆ భయం అర్థం చేసుకోగలను. అయితే ఓఎంఆర్ షీటు కూడా మనల్ని కాపాడలేదు. 2016లో తెలంగాణ ఎంసెట్-2 పత్రం లీకై మూడోసారి పరీక్ష పెట్టాల్సి వచ్చింది. 2024లో నీట్ పత్రం హజారీబాగ్, పట్నాల్లో లీకైందని సుప్రీంకోర్టే గుర్తించింది. చెక్కిన మైనాన్ని పేరు లేకుండా, కోడ్ నంబరుతో వేరే రాష్ట్రంలో దిద్దించవచ్చు. కెనడాలోని మెక్‌మాస్టర్ వర్సిటీ వైద్య ప్రవేశాలకు తెచ్చిన చిన్న చిన్న ఇంటర్వ్యూల పద్ధతిలో ఒక్కరి చేతిలో అభ్యర్థి భవిష్యత్తు ఉండదు, ఒక్కో గదిలో ఒక్కొక్కరు మార్కు వేస్తారు.

1948 నాటి దంతవైద్యుల చట్టం స్థానంలో 2023లో జాతీయ దంతవైద్య కమిషన్ చట్టం వచ్చింది. చదువు చివర ఎగ్జిట్ పరీక్షకు అందులో చోటు ఇచ్చారు. బయటికి వెళ్లే తలుపు దగ్గర కాపలా పెట్టినవారు లోపలికి వచ్చే తలుపు దగ్గరా నిలబడాలి. నీట్‌ను అర్హతకు ఉంచుకోవచ్చు. దానిపైన ఆకారాలను పోల్చే గంట పరీక్ష ఒకటి, మైనం పని ఒకటి పెట్టాలి. బీడీఎస్ కౌన్సెలింగ్‌ను ఎంబీబీఎస్ తోకగా కాక వేరే నోటిఫికేషన్‌తో నడపాలి.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో కావని తెలుసు. ఒకటి మాత్రం వచ్చే కౌన్సెలింగ్‌కే చేయవచ్చు. దరఖాస్తులో ఒక గడి చేర్చాలి: ‘రెండు కోర్సుల్లోనూ సీటు ఉంటే మీరు ఏది తీసుకుంటారు?’ బీడీఎస్ అని టిక్ పెట్టినవారికి ముందు విడతలో, వారి వారి రిజర్వేషన్ల లోపలే, కొన్ని సీట్లు కేటాయించాలి. ఆ సీటు తీసుకున్నవారు ఆ ఏడాది ఎంబీబీఎస్ విడతల్లో పాల్గొనకూడదు. అప్పుడు నా నోట్‌బుక్‌లో ఏ క్రియ పెరుగుతుందో చూస్తాను.