లెక్క వినేదెవరు? – తెలుగు గ్రామంలో ఆర్థిక జవాబుదారీ చరిత్ర

తెలుగులో 'లెక్క' అనే మాటకు గణన, పద్దు, ఖాతరు అనే మూడర్థాలున్నాయి. ఒకరికి లెక్క చెప్పడమంటే వారిని లెక్కచేయడమే. స్థానిక సంస్థల లెక్కల తనిఖీ చరిత్రను సాధారణంగా చట్టాల చరిత్రగా, శాఖల చరిత్రగా రాయడం పరిపాటి. లెక్క ఎవరు రాశారు, ఎవరు చదవగలిగారు, ఎవరి ఎదుట చెప్పారు అనే మూడు ప్రశ్నల వెలుగులో ఆ చరిత్రను పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రామ ధనానికి లెక్క చెప్పాలనే నియమం దక్షిణాదికి కొత్త కాదు. మొదటి పరాంతక చోళుని కాలంలో, క్రీ.శ. 919, 921 సంవత్సరాలలో చెక్కించిన ఉత్తరమేరూరు శాసనాలు ఇందుకు సాక్ష్యం. వారియంలో పనిచేసి లెక్క అప్పజెప్పనివారిని, వారి దగ్గరి బంధువులను తిరిగి ఎన్నికకు అనర్హులుగా ఆ శాసనాలు ప్రకటించాయి. అయితే అది భూస్వామ్యం, వేదాధ్యయనం అర్హతలుగా గల బ్రాహ్మణ సభ. లెక్క చెప్పినవారూ విన్నవారూ ఆ పరిధిలోనివారే.

తెలుగు గ్రామాల్లో లెక్క కరణం చేతిలో ఉండేది. తెలంగాణలో ఆ స్థానం పట్వారీది. భూమి, శిస్తు, మాన్యాలు, సరిహద్దుల వివరాలు కరణాల దండకవిలెల్లో నిలిచాయి. కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులకు ఇవి ముఖ్యమైన ఆధారాలయ్యాయి. చరిత్రకారునికి నిధి అయిన ఈ కవిలెలు రైతుకు మాత్రం అందని సరుకు. కరణాల గొలుసుకట్టు రాతను చదవడానికి అక్షరజ్ఞానం ఒక్కటే చాలదు, ఆ వృత్తిలో తర్ఫీదు కూడా కావాలి. తన పేరిట ఎంత బాకీ రాశారో రైతు తెలుసుకోవాలంటే, రాసినవానినే అడగాలి. కరణం పలుకుబడికి పదవి ఎంత కారణమో లిపి కూడా అంతే కారణం.

వలసపాలన ఈ లెక్కకు కొత్త యజమానిని తెచ్చింది. 1871 నాటి మద్రాసు స్థానిక నిధుల చట్టం, రిప్పన్ 1882 తీర్మానం, 1884 నాటి స్థానిక బోర్డుల చట్టం వరుసగా స్థానిక ఆదాయ వ్యయాలకు చట్రాన్ని కల్పించాయి. కానీ ఆ తనిఖీ పై అధికారి కోసం జరిగింది, పన్ను కట్టినవారి కోసం కాదు. పై కార్యాలయాల భాష మద్రాసు రాజధానిలో ఇంగ్లీషు, నిజాం రాజ్యంలో ఉర్దూ. జమ, ఖర్చు, తనిఖీ, జవాబుదారీ వంటి మాటలు అరబీ పారసీ మూలాల నుండి వచ్చి తెలుగులో ఇమిడిపోయాయి. మాట ఊరికి చేరినా, ఆ మాట చెప్పే లెక్క ఊరికి చేరలేదు.

1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం, మునసబు, పట్వారీ పదవులను రద్దుచేసింది. 1989 నాటి రాష్ట్ర ఆడిట్ చట్టం నష్టాన్ని బాధ్యుల నుండి రాబట్టే సర్‌ఛార్జి అధికారాన్ని తనిఖీ శాఖకు ఇచ్చింది. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 243-జె అధికరణం ద్వారా పంచాయతీ లెక్కల నిర్వహణ, తనిఖీలను రాష్ట్ర శాసనసభ పరిధిలో ఉంచింది. రాష్ట్రాల తనిఖీ వ్యవస్థలకు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ సాంకేతిక మార్గదర్శనం, పర్యవేక్షణ అవసరమని పదకొండవ ఆర్థిక సంఘం సూచించింది. దరిమిలా పద్దుల నమూనాలు ఏకరూపం పొందాయి. తనిఖీలో క్రమశిక్షణ పెరిగిందనడంలో సందేహం లేదు. అయినా ఆడిటరు ఓచరును చూస్తాడు. ఓచరులో ఉన్న కూలీ నిజంగా పనికి వచ్చాడా అన్నది కాగితం చెప్పదు.

ఆ ఖాళీని పూరించే ప్రయత్నమే సామాజిక తనిఖీ. రాజస్థాన్‌లో 1994 నుండి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ నిర్వహించిన జన సునవాయిలు ఇందుకు బాట వేశాయి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పదిహేడవ సెక్షను ఈ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం ప్రారంభమైంది. 2009లో ఆంధ్రప్రదేశ్ ఇందుకోసం ప్రత్యేక సంస్థను ఏర్పరచింది. శిక్షణ పొందిన గ్రామీణ యువత మస్టర్లను ఇంటింటికీ తీసుకువెళ్లి, కూలీల మాటతో సరిపోల్చి, గ్రామసభలోనూ మండల ప్రజావేదికలోనూ చదివి వినిపించారు. చదువురాని కూలీ సైతం ఆ పనికి తాను పోలేదని నలుగురిలో చెప్పగలిగిన క్షణంలో, ఆ నోటిమాట లెక్కకు సాక్ష్యమైంది.

ఈ మార్పును అతిశయోక్తితో చూడనక్కరలేదు. బయటపడిన సొమ్మంతా తిరిగి రాలేదు. ఊరి పెత్తందారు ఎదుట నోరు విప్పడం అందరికీ సాధ్యం కాలేదు. వినే హక్కు వచ్చినా, విన్నదానిపై చర్య తీసుకునే అధికారం ఇంకా పై కార్యాలయంలోనే ఉంది.

దండకవిలె నుండి మస్టరు దాకా సాగిన ఈ చరిత్రలో లెక్క రాసే పద్ధతులు ఎన్నోసార్లు మారాయి. వినేవారు మారడం మాత్రం అరుదు. కాబట్టి జవాబుదారీతనం గణకశాస్త్ర విషయమే కాదు, భాషా విషయం కూడా. కరణాల రాతను పరిష్కరించి చదువుతున్న మన తెలుగు పరిశోధన, గ్రామసభలో చదివిన నివేదికల భాషను, అక్కడ పలికిన సాక్ష్యాలను కూడా తన ఆకరాలుగా స్వీకరించవలసి ఉంది.