ముల్లర్ : ఒక ఇంటిపేరు చరిత్ర

రేడియోధార్మిక కిరణములను లెక్కించు గైగర్-ముల్లర్ గణకమును గురించి విద్యార్థులు వినియే యుందురు. 1928లో హాన్స్ గైగర్, అతని శిష్యుడు వాల్టర్ ముల్లర్ కలసి జర్మనీలోని కీల్ నగరమున దానిని నిర్మించిరి. డి.డి.టి. కీటకములను చంపునని 1939లో కనుగొని, 1948లో నోబెల్ బహుమానము పొందిన స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు పాల్ ముల్లర్. కొన్ని ఆక్సైడు పదార్థములు అంతకుముందు ఎరిగినవాటికంటె హెచ్చు ఉష్ణోగ్రతయందే అతివాహకములగునని 1986లో బెడ్నార్జ్‌తో కలసి చూపినవాడు అలెక్స్ ముల్లర్. విజయనగర రాజుల కాలమున సాయణాచార్యులు రచించిన భాష్యముతో ఋగ్వేదమును 1849 మొదలు 1874 వరకు ఆరు సంపుటములుగా ప్రకటించినవాడు మాక్స్ ముల్లర్. వీరందరికి ఒకే ఇంటిపేరు ఎట్లు వచ్చినది? ఒకే వంశమువారా? కారు. ఆ పేరు వెనుక ఉన్నది వంశము కాదు, ఒక యంత్రము.

పదము పుట్టుక

ముల్లర్ అనగా పిండిమర నడుపువాడు. లాటిన్ భాషలో 'మోలా' అనగా తిరుగలిరాయి. 'మోలీనా' అనగా పిండిమర. దానిని నడుపువాడు 'మోలినారియస్'. ప్రాచీన జర్మనులు ఈ మాటను 'ములినారి' అని తమ భాషలో చేర్చుకొనిరి. కాలక్రమమున మాట కురుచయైనది. నడుమనున్న 'ల్న' పలుకుబడిలో 'ల్ల'గా మారి 'ముల్లర్' ఏర్పడినది. ఆస్ట్రియా, బవేరియా ప్రాంతములలో 'ముల్నర్' అను పాతరూపము నేటికిని నిలిచియున్నది.

ఈ పేరులోని మొదటి అచ్చు సరిగా మన 'ఉ' కాదు. 'ఉ' పలుకునపుడువలె పెదవులను గుండ్రముగా ఉంచి 'ఇ' పలికినచో ఆ ధ్వని వచ్చును. దక్షిణ జర్మనీ మాండలికములలో పెదవుల గుండ్రదనము తొలగిపోగా పేరు 'మిల్లర్' అయినది. ఉత్తరపు పల్లపు భూములలో అదే 'మొల్లర్'. లాటిన్ మోజుగల పండితులు కొందరు దానినే 'మోలిటర్' అని మార్చుకొనిరి.

జర్మనులు ఈ మాటను అరువు తెచ్చుకొనుటకు కారణమున్నది. పూర్వము వారు చేతితిరుగలితో ధాన్యము విసరుకొనెడివారు. నీటితో నడచు మర రోమనులతో వచ్చినది. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దమున రోమను శిల్పి విట్రూవియస్ దాని నిర్మాణమును వివరించెను. ప్రవాహమునకు నిలువుచక్రము తిరుగును. దాని ఇరుసు చివరనున్న పండ్లచక్రము మరొక పండ్లచక్రమును లంబముగా కలసికొని, పైరాతిని త్రిప్పును. నేటి జర్మనీలోని ట్రియర్ నగరము దాపున, మోజెల్ నదిలో కలియు ఒక వాగుమీద ఇట్టి మరలు ఉండుటను నాల్గవ శతాబ్దపు రోమను కవి ఆసోనియస్ వర్ణించెను. యంత్రముతోపాటు దాని పేరు కూడ దేశములో అడుగుపెట్టినది.

వృత్తి ఇంటిపేరగుట

పన్నెండవ శతాబ్దమునకు ముందు జర్మనులకు సాధారణముగా ఒక్క పేరే ఉండెడిది. పట్టణములు పెరిగి, పన్నుల పట్టికలు, క్రయపత్రములు వ్రాయవలసి వచ్చినపుడు చిక్కు ఏర్పడినది. ఒకే వీధిలో పలువురు హైన్రిక్‌లు, పలువురు కొన్రాడ్‌లు! వారిని వేరుపరచుటకు గుమాస్తాలు తండ్రిపేరో, ఊరిపేరో, శరీర లక్షణమో, వృత్తియో పేరుప్రక్కన చేర్చిరి. మన ఇంటిపేరు ముందు వచ్చును. వారిది వెనుక వచ్చును.

మొదట ఈ చేర్పు వంశపారంపర్యము కాదు. ముల్లర్ కొడుకు రొట్టెలు కాల్చినచో 'బెకర్' అనిపించుకొనెడివాడు. శతాబ్దములు గడచినకొలది పేరు తండ్రినుండి కొడుకునకు సంక్రమించెను. అనుమతి లేక ఇంటిపేరు మార్చుకొనరాదని 1677లో బవేరియా, 1794లో ప్రష్యా శాసించినవి. 1876 నుండి జర్మన్ సామ్రాజ్యమంతట జనన, వివాహ, మరణములను ప్రభుత్వ కార్యాలయములే నమోదు చేయసాగినవి. ఇట్లు పేరు స్థిరపడినది.

ఇన్ని లక్షలమంది ఎట్లయిరి?

పల్లెలలో అధిక సంఖ్యాకులు రైతులు కదా! రైతు అను అర్థముగల 'బవర్' కంటె ముల్లర్ ఎట్లు మించినది? దీనికి సమాధానము పేరుయొక్క ప్రయోజనములోనే కలదు. పేరు ఒకనిని ఇతరులనుండి వేరుపరచవలెను. అందరు రైతులైన ఊరిలో ఒకనిని 'రైతు' అని పిలిచిన లాభమేమి? పిండిమర మాత్రము సాధారణముగా ఊరికొక్కటి. దానికి వాగు కావలెను, పెట్టుబడి కావలెను, ప్రభువు అనుమతి కావలెను. ఫలానా మరలోనే ధాన్యము విసరించుకొనవలెనని రైతులను నిర్బంధించు హక్కు కూడ పలుచోట్ల ప్రభువులకు ఉండెడిది. కనుక 'మర నడుపు హాన్స్' అనగానే మనిషి ఎవరో తెలియును. ఇట్టి ఊళ్లు వేలకొలది ఉండుటచే వేలచోట్ల ఈ పేరు వేరువేరుగా పుట్టినది. ఊరికి ఒక్కడుగా ఉండుటయే దేశమున అసంఖ్యాకులగుటకు మూలము.

2005 నాటి టెలిఫోను చందాదారుల పట్టికలను జర్మన్ భాషాశాస్త్రజ్ఞులు పరిశీలించినపుడు ముల్లర్ అను పేరు 2,50,000కు పైగా చోట్ల కన్పించినది. అనగా నూటికి దాదాపు ఒకటి. తరువాతి స్థానములు ష్మిట్, ష్నైడర్, ఫిషర్ అనువానివి. వీని అర్థములు వరుసగా కమ్మరి, దర్జీ, బెస్తవాడు. అయితే అంకెలను చూచునపుడు జాగ్రత్త అవసరము. కమ్మరి పేరును జర్మనులు పలువిధములుగా వ్రాయుదురు. ఆ రూపములన్నిటిని కలిపినచో కమ్మరులే ముల్లర్లను మించుదురు! మొదటి స్థానము కొంతవరకు వర్ణక్రమము ఇచ్చిన వరము.

అనుమానము, అవమానము

నేడు ఇంత వ్యాప్తిలోనున్న ఈ పేరు ఒకప్పుడు గౌరవము తెచ్చినది కాదు. మరవాడు కూలిగా ధాన్యములో కొంతపాలు తీసికొనెడివాడు. పోసిన ధాన్యమునకు తగినంత పిండి తిరిగి వచ్చినదో లేదో రైతునకు తెలియదు. కనుక దొంగయను అనుమానము అతనిని వదలలేదు. పలుచోట్ల ఇతర వృత్తి సంఘములు మరవాని బిడ్డలను పని నేర్చుకొనుటకు చేర్చుకొనలేదు. సాలెవారు, మంగలులు, గొర్రెలకాపరులు మున్నగువారికిని ఇదే గతి. ఇట్టివారి బిడ్డలను త్రోసివేయరాదని 1548లోను, 1577లోను సామ్రాజ్య శాసనములు వెలువడినవి. 1731లో మరల చెప్పవలసి వచ్చినదన్నచో, శాసనముతోనే దురభిమానము పోదని తెలియుచున్నది.

ఆ పేరుగలవారు ఏమి సాధించిరో చూడుడు. 1436లో ఫ్రాంకోనియాలోని కోనిగ్స్‌బర్గ్‌లో ఒక మరవానికి పుట్టిన యోహాన్నెస్ ముల్లర్ తన ఊరిపేరును లాటిన్‌లో చెప్పుకొనెను. 'రెజియోమాంటానస్' అను పేరుతో లోకము అతనిని ఎరుగును. అతని త్రికోణమితి గ్రంథము 1533లో అచ్చయి యూరపు గణితమునకు ఆధారమైనది. 1801లో కోబ్లెంజ్‌లో పుట్టిన మరొక యోహాన్నెస్ ముల్లర్ తండ్రి చెప్పులు కుట్టువాడు. కంటిని వ్రేలితో నొక్కినను వెలుగే తోచుట వంటి విషయములనుండి, అనుభూతి స్వభావము నాడిని బట్టి యుండునను సిద్ధాంతమును అతడు చెప్పెను. హెల్మ్‌హోల్ట్‌జ్, విర్కో, ష్వాన్ అతని శిష్యులు. మాక్స్ ముల్లర్ తాత దర్జీ. మరవాని కొడుకు ఆ పేరును వదలెను. మరతో పనిలేనివారు దానిని మోసిరి.

ఇంటిపేరు ఒకటైనంతమాత్రమున రక్తసంబంధమున్నదనుట కూడ పొరపాటే. 2009లో బ్రిటన్‌లోని లీస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తండ్రినుండి కొడుకునకు వచ్చు వై-క్రోమోజోములను ఇంటిపేర్లతో పోల్చి చూచిరి. అరుదైన పేరుగలవారిలో పోలిక హెచ్చుగా కన్పించినది. కమ్మరియను అర్థముగల 'స్మిత్' పేరువారిలో మాత్రము, వేరువేరు పేర్లవారిలో ఉన్నదానికంటె ఎక్కువ పోలిక లేదు. పలుచోట్ల విడివిడిగా పుట్టిన వృత్తినామములను గురించి చరిత్ర చెప్పినదానికి జీవశాస్త్రము ఇచ్చిన సాక్ష్యమిది.

పందొమ్మిదవ శతాబ్దమున ఆవిరియంత్రములు, ఉక్కు రోలర్లు వచ్చి వాగుల ఒడ్డునున్న మరలను మూలపడవేసినవి. చక్రములు ఆగినను పేరు మిగిలినది. రాతిలో నిలిచిన శిలాజము నశించిన జీవిని తెలుపునట్లు, ముల్లర్ అను మాట రోమనుల యంత్రమును, ప్రభువుల నిర్బంధమును, గుమాస్తాల అవసరమును మనకు తెలుపుచున్నది. ఏనాడో ఒక పూర్వుడు చేసిన పనిని ఇంటిపేరు చెప్పగలదు. దానిని మోయు మనిషి యోగ్యతను మాత్రము చెప్పజాలదు.