పెనుకొండలో జాబ్, అనంతపురంలో రూమ్: 1565 నాటి ప్రశ్న

పెనుకొండ పక్కన కార్ల ఫ్యాక్టరీలో కొత్తగా జాబ్ వచ్చిన కుర్రాడిని ఎవర్నైనా కదిలించండి. జీతం సంగతి తర్వాత చెప్తాడు. ముందు అడిగేది ఇదే: "అన్నా, రూమ్ యాడ తీసుకోవాల?"

పెనుకొండలోనే ఉంటే డ్యూటీ దగ్గర. లేచి స్నానం చేసి అట్లా పోవచ్చు. కానీ సాయంత్రం ఏడు దాటాక ఏం చేయాలో తోచదు. అనంతపురంలో ఉంటే సినిమా హాళ్ళు, కోచింగ్ సెంటర్లు, హాస్పిటళ్ళు, ఇంజనీరింగ్ నాటి ఫ్రెండ్స్ అందరూ ఉంటారు. కాకపోతే 70 కిలోమీటర్లు. పోను రాను కలిపి రెండున్నర గంటలు బస్సులోనే. వారానికి ఆరు రోజులు లెక్కేస్తే 15 గంటలు. అంటే దాదాపు రెండు షిఫ్టులు ఊరికే సీట్లో కూర్చుని చేసినట్టు.

ఈ తలనొప్పి కియాతోనే మొదలైందని చాలామంది అనుకుంటారు. కానీ ఇదే పెనుకొండ గురించి, ఇదే ప్రశ్న 1565లో ఒక రాజుకు వచ్చింది. ఈరోజు ఆ కథ చూద్దాం. ఎందుకంటే ఆయన రెండూ ట్రై చేశాడు.

1565 జనవరి. స్కూల్లో మనం తళ్ళికోట యుద్ధం అని చదువుకున్నది. రాక్షసి తంగడి యుద్ధం అని కూడా అంటారు. విజయనగరాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలు అందులో చనిపోయాడు. తమ్ముడు తిరుమలరాయలు రాజధానికి పరిగెత్తుకొచ్చి, ఖజానాని ఏనుగుల మీదకి ఎక్కించి, పేరుకి మాత్రమే రాజుగా ఉన్న సదాశివరాయల్ని వెంటబెట్టుకుని నేరుగా పెనుకొండకి వచ్చేశాడు.

పెనుకొండే ఎందుకు? అదేం దారిలో కనబడ్డ ఊరు కాదు. మొదటి బుక్కరాయల కాలంలోనే, అంటే 1350లలోనే, అక్కడ కోట ఉంది. రాజు కొడుకుని అక్కడికి పాలకుడిగా పంపేవాళ్ళు. ఇప్పటికీ వెళ్తే గగన్ మహల్ చూడొచ్చు. పైన కొండ, చుట్టూ కోట గోడ. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే అది బ్యాకప్ సర్వర్. మెయిన్ సర్వర్ పడిపోయింది, ఆయన బ్యాకప్‌కి మారాడు. అంతే.

అసలు ఇంట్రెస్టింగ్ పార్ట్ ఇక్కడ్నుంచి. సుల్తానుల సైన్యం విజయనగరాన్ని నెలల తరబడి దోచుకుని వెళ్ళిపోయింది. అప్పుడు తిరుమలరాయలు పెనుకొండలో సెటిల్ అయిపోలేదు. మళ్ళీ హంపికే వచ్చాడు! ఆ ఊరిని తిరిగి జనంతో నింపాలని చూశాడు. ఈ సంగతి రాసింది వెనిస్ నుంచి వచ్చిన సీజర్ ఫ్రెడరిక్ అనే వ్యాపారి. ఆయన 1567లో విజయనగరం వచ్చి ఏడు నెలలు ఉన్నాడు. ఆయన రాసినదాని ప్రకారం, తిరుమలరాయలు గోవా వైపు గుర్రాల వ్యాపారులకి కబురు పంపాడు. గుర్రాలు తెండి, మంచి రేటు ఇస్తానన్నాడు. యుద్ధంలో తమ దగ్గర పోయిన గుర్రాలు దొరికినా తెచ్చివ్వండి, వాటికీ డబ్బిస్తానన్నాడు. పాపం నమ్మి తెచ్చారు. గుర్రాలు తీసుకున్నాడు, డబ్బు ఇవ్వలేదు.

చివరికి దర్బారు మొత్తం పెనుకొండకి మారిపోయింది. హంపి నుంచి అది ఎనిమిది రోజుల ప్రయాణం అని ఫ్రెడరిక్ లెక్క. విజయనగరంలో ఇళ్ళు నిలబడే ఉన్నాయి గానీ, వాటిలో మనుషులకు బదులు పులులు, అడవి జంతువులు తిరుగుతున్నాయని కూడా రాశాడు.

ఒక్కసారి ఆలోచించండి. హంపిలో లేనిది ఏముంది? తుంగభద్ర పక్కనే పారుతోంది. కాలవలున్నాయి. బజార్లు రాతితో కట్టినవి, ఎక్కడికీ పోలేదు. రాజు కూడా తిరిగొచ్చాడు. అయినా జనం రాలేదు. నా ఉద్దేశంలో ఆ గుర్రాల బేరంలోనే సమాధానం ఉంది. రాజు ఇల్లు మారడం తేలిక. వ్యాపారి మళ్ళీ అంగడి తెరవాలంటే మాత్రం రేపు కూడా ఇక్కడ ఊరు ఉంటుందని, అమ్మినదానికి డబ్బు వస్తుందని అతనికి నమ్మకం కలగాలి. ఆ నమ్మకం పోగొట్టింది రాజే.

మరి పెనుకొండ ఏమైంది? పాతికేళ్ళ పాటు వెలిగింది. ఆరవీటి వంశం రాజ్యం అక్కడ్నుంచే నడిచింది. రామరాజభూషణుడు రాసిన వసుచరిత్ర తెలుసు కదా, దాన్ని అంకితం తీసుకున్నది ఈ తిరుమలరాయలే. అంటే ఇప్పుడు "సాయంత్రం ఏడు తర్వాత బోర్" అంటున్న ఊరిని ఏలిన రాజు దగ్గరికి ఒకప్పుడు ఇంత పెద్ద కావ్యం వచ్చింది! తర్వాత 1592 ప్రాంతంలో వెంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చాడు. దర్బారుతో పాటే కవులు, వర్తకులు కూడా తరలిపోయారు. పెనుకొండలో వాన తగ్గలేదు, కొండ ఎక్కడికీ పోలేదు. కొనేవాళ్ళు, పోషించేవాళ్ళు పోయారు. సందడి అంతటితో సర్దుకుంది.

మధ్యలో ఒక స్కాట్లాండ్ ఆయన గురించి చెప్పాలి. థామస్ మన్రో. 1800లో నిజాం ఈ సీమ జిల్లాల్ని కంపెనీకి రాసిచ్చాక, 1807 వరకు ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టర్. హెడ్‌క్వార్టర్ అనంతపురంలో పెట్టుకున్నాడు. అయితే ఇంట్లో కూర్చునే రకం కాదు. పొలాలు కొలిపించి శిస్తు కట్టడం పని కాబట్టి డేరాల్లో ఊరూరా తిరిగాడు. పని ఎక్కడో ఇల్లూ అక్కడే. తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో మళ్ళీ ఇటువైపు టూరుకొచ్చి పత్తికొండలో కలరాతో పోయాడు. వర్క్ ఫ్రమ్ ఫీల్డ్ అంటే ఇదీ. అందరూ చేయగలిగింది కాదులెండి.

ఇక గుంతకల్. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే నచ్చే ఊరు. రైలు రాకముందు చిన్న పల్లె. 1870లలో మద్రాసు, బొంబాయి లైను వచ్చింది. 1890లలో బెంగళూరు వైపు మీటర్ గేజ్ కలిసింది. దాంతో జంక్షన్. డ్రైవర్, గార్డు, ఫిట్టర్ అర్ధరాత్రి కబురొస్తే డ్యూటీకి పోవాలి. ఎక్కడో ఊర్నుంచి వస్తానంటే కుదరదు. అందుకే రైల్వే వాళ్ళకి ఉద్యోగంతో పాటే క్వార్టర్స్ కట్టారు. హాస్పిటల్ పెట్టారు, స్కూలు పెట్టారు. 1956లో డివిజన్ ఆఫీసు కూడా వచ్చింది. అక్కడ ఉద్యోగికి "దగ్గర్లో ఉండాలా, పక్క సిటీలో ఉండాలా" అనే బాధే లేదు. ఊరే డ్యూటీ చుట్టూ పెరిగింది. ధర్మవరం అయితే ఇంకో లెవెల్. మగ్గం ఇంట్లోనే ఉంటుంది. నిద్ర లేచిన చోటే ఆఫీసు. ఆ కష్టం వేరే, దాని మీద ఇంకో ఎపిసోడ్ చేయాలి.

ఇప్పుడు ఇవన్నీ పక్కనపెట్టి మన కాలానికి రండి. 2017 ఏప్రిల్‌లో కియా ఒప్పందం కుదిరింది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. అప్పట్లో ఏడాదికి 3 లక్షల కార్ల కెపాసిటీ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఫ్యాక్టరీకి నీళ్ళు ఎక్కడివి? శ్రీశైలం బ్యాక్‌వాటర్ నుంచి హంద్రీ-నీవా కాలవలో ఎత్తిపోసుకుంటూ తెచ్చి, గొల్లపల్లి రిజర్వాయర్‌లో నింపారు. కృష్ణా నీళ్ళు పెనుకొండ దాకా వచ్చాయి. మామూలు విషయం కాదు.

కానీ చూడండి, ఫ్యాక్టరీకి నీళ్ళొచ్చాయి, రోడ్డు ముందే ఉంది, కరెంటొచ్చింది. గుంతకల్లో లాగా ఊరు మాత్రం రాలేదు. కొరియన్ అక్షరాల బోర్డులతో హోటళ్ళు, గెస్ట్‌హౌస్‌లు వచ్చాయి. అద్దెకు గదులు వచ్చాయి. పిల్లల్ని పదో తరగతి దాకా ధైర్యంగా చదివించే స్కూలు, రాత్రి రెండింటికి గుండె నొప్పి వస్తే చూసే డాక్టర్, ఆడపిల్ల సెకండ్ షిఫ్ట్ దిగి నడిచొచ్చే వెలుతురున్న వీధి, ఇవి ఫ్యాక్టరీ లేఅవుట్‌లో ఉండవు కదా. అందుకే పెళ్ళైనవాళ్ళు అనంతపురం, హిందూపురం, ఇంకొంచెం జీతం ఎక్కువున్నవాళ్ళు బెంగళూరు చూసుకుంటారు. హైవే మీద షిఫ్ట్ బస్సులు అందుకే.

దీనికి నష్టపోయేది ఎవరు? బస్సులో నిద్రపోయే కుర్రాడు ఒక్కడే కాదు. పెనుకొండ కూడా. జీతం పెనుకొండలో పుడుతుంది, ఖర్చు అనంతపురంలో అవుతుంది. 2020 ఫిబ్రవరిలో కియా తమిళనాడుకి పోతుందేమో అని ఒక వార్త వచ్చింది. కంపెనీ వెంటనే కాదని చెప్పింది. ఆ ఒక్క వార్తకే ఊళ్ళో ఎంత గుబులు పుట్టి ఉంటుందో ఊహించుకోండి. గదులు కట్టినవాడికి అది 1592 లాంటి వార్త. దర్బారు పోతోందంట అని.

ఇంకో తమాషా కూడా ఉంది. ఇదే లైన్లో హిందూపురం నుంచి రోజూ పొద్దున్నే బెంగళూరు రైలెక్కి, రాత్రికి తిరిగొచ్చేవాళ్ళు ఉన్నారు. అక్కడ అద్దె భరించలేక, ఇక్కడ ఇల్లు వదల్లేక. అంటే కొందరు సందడి ఉన్న ఊర్లో పడుకుని నిశ్శబ్దంలో పని చేస్తున్నారు, ఇంకొందరు దానికి రివర్స్. 2022లో జిల్లా విడదీసి పుట్టపర్తిని హెడ్‌క్వార్టర్ చేసినప్పుడు, హిందూపురం వాళ్ళు మాకే కావాలని రోడ్డెక్కింది కూడా ఇందుకే. ఆఫీసు ఎక్కడుంటే అద్దెలు, టిఫిన్ సెంటర్లు, స్కూళ్ళు అక్కడికొస్తాయి. రావాలి అని వాళ్ళ ఆశ.

సరే, కుర్రాడికి నేనేం చెప్తాను? సింగిల్ అయితే, మొదటి ఏడాది పెనుకొండలోనే ఉండు. ఆ 15 గంటలు నీవి. నిద్రపో, చదువుకో, ఆదివారం కొండెక్కు. ఫ్యామిలీ ఉంటే హిందూపురం ఒకసారి చూడు, 40 కిలోమీటర్లే, అనంతపురం కంటే దగ్గర, బెంగళూరు రైలూ ఉంది. ఎక్కడైనా సరే, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక వారం నైట్ షిఫ్ట్ బస్సులో పోయి రా. పగటి పూట గూగుల్ మ్యాప్స్ చూపించే టైమ్ నమ్మి మాత్రం ఇల్లు తీసుకోవద్దు.

నెక్స్ట్ ఎపిసోడ్ గుంతకల్ జంక్షన్. ఉంటాను.