ముఖానికి గుడ్డ, మరణానికి పేరు

'మాస్కు' అనే మాట 2020కి ముందు మనలో చాలామందికి శస్త్రచికిత్స గదికో, నాటకాల వేషానికో సంబంధించినది. ఆ ఏడాది ఏప్రిల్ 9 నుంచి ఒడిశాలో, ఇల్లు దాటినవారు ముక్కూ నోరూ కప్పుకోవాలనే నిబంధన వచ్చింది. చేతిరుమాలు, తువ్వాలు కూడా మాస్కులే అయ్యాయి. మాట వాడుక కొత్తదే గాని చేష్ట పాతది. ఆ చేష్ట చరిత్రనూ, దాని వెనుక నిలిచిన మరణాల లెక్కనూ ఇక్కడ స్థూలంగా పరిశీలించదలిచాము.

1910-11 శీతకాలంలో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు సుమారు 60 వేల మందిని బలిగొన్నది. పెనాంగులో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన వైద్యుడు వూ లియెన్‌తే, ఇది రోగి దగ్గు నుంచే మరొకరికి పాకుతున్నదని గ్రహించాడు. గాజుగుడ్డ మడతల మధ్య దూది పెట్టి మాస్కులు కట్టించాడు. ఆ వాదన ఒప్పుకోని ఫ్రెంచి వైద్యుడు మెనీ, మాస్కు లేకుండా రోగులను చూసి కొద్ది రోజులకే అదే ప్లేగుతో మరణించాడు.

1918 ఇన్‌ఫ్లుయెంజా నాటికి మాస్కు వీధిలోకి వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం అక్టోబరులో దానిని నిర్బంధం చేసి, నవంబరు 21న ఎత్తివేసింది. వ్యాధి మళ్లీ పెరగడంతో 1919 జనవరిలో తిరిగి విధించింది. మాస్కు వ్యతిరేక సంఘం కూడా అక్కడే పుట్టింది. 2020లో మనం విన్న వాదోపవాదాలు చాలావరకు అప్పటివే అన్నది గమనార్హం.

ఇక మన దేశం మాట. 1918 జూన్‌లో బొంబాయిలో మొదలైన ఆ వ్యాధి, సెప్టెంబరు తరువాత రెండవ తాకిడిలో దేశమంతటా విజృంభించింది. మృతుల సంఖ్య కోటీ ఇరవై లక్షలకు తక్కువ కాదని పలువురి అంచనా. 1911లో 25.2 కోట్లున్న జనాభా 1921 నాటికి 25.1 కోట్లకు తగ్గింది. అయినా ఆనాటి ఊరి దస్తరాలలో ఇన్‌ఫ్లుయెంజా పేరు అరుదు. గ్రామాధికారులు ఆ మరణాలలో అధికభాగాన్ని 'జ్వరాలు' అనే పద్దు కింద రాశారు.

భాషాశాస్త్ర విద్యార్థులుగా మనం ఆగవలసిన చోటు ఇదే. జనం రోగానికి పేరు పెట్టకుండా ఉండరు. మశూచిని 'అమ్మవారు' అన్నారు. కలరాను తెలంగాణలో 'గత్తర' అన్నారు. కోయంబత్తూరులో ప్లేగు మారియమ్మన్‌కు గుడే ఉన్నది. జనం పెట్టిన పేరు భయాన్ని చెబుతుంది. దస్తరంలోని పేరు లెక్కను నిర్ణయిస్తుంది. రెండవది తప్పితే మనిషి పోయినా లెక్కకు రాడు.

సూరత్ మరమగ్గాలలో గంజాం ఒడియావారితోపాటు తెలుగు నేతపనివారూ తరాలుగా పనిచేస్తున్నారు. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు అనగానే, జనం ముఖానికి చేతిరుమాళ్లు కట్టుకుని రైళ్లెక్కి స్వగ్రామాలకు తరలిపోయారు. 2020 మేలో మళ్లీ అదే దారిన రైళ్లు వచ్చాయి. కొంతకాలం ఒడిశాలో కరోనా తీవ్రత గంజాం జిల్లాలోనే ఎక్కువగా ఉండెను. వలస బతుకుకు మహమ్మారి విధించే సుంకం ఇది.

2020, 2021 సంవత్సరాలలో కరోనా మృతులు 4.8 లక్షలని ప్రభుత్వ లెక్క. అదనపు మరణాలు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ అంచనా పద్ధతిని మన ప్రభుత్వం అంగీకరించలేదు. అయితే దేశంలో నమోదైన మరణాలు 2020లో 81 లక్షలుండగా 2021లో 1.02 కోట్లకు పెరిగాయి. ఆ పెరుగుదల అంతా కరోనాయే అనలేము. కరోనా మరణాలన్నీ ఆ పేరుతోనే నమోదయ్యాయనీ అనలేము.

2022 ఏప్రిల్ 2న, శుభకృత్ ఉగాది నాడు, మహారాష్ట్రలో మాస్కు నిర్బంధం తొలగింది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసిందన్నది. వ్యాధి ముగిసిందని మాత్రం అనలేదు. నెలల తరబడి ఆయాసం, నిస్సత్తువ వదలనివారు ఉన్నారు. రోగనిరోధక శక్తి తగ్గినవారికి వైరస్ నేటికీ ప్రమాదమే.

మాస్కు వేసుకుని పాఠం చెప్పిన రోజులలో శ, ష, స ల భేదం వినిపించక, పెదవుల కదలిక కనిపించక మా విద్యార్థులు పడిన అవస్థ మేము ఎరుగుదుము. మాకూ అది ఊపిరాడని పనిగానే ఉండేది. అయినా నేడు తరగతికి మాస్కుతో వచ్చేవారిని చూసి నవ్వవద్దని మా మనవి. ఇంటిలో ఎవరి కోసం ఆ గుడ్డ కట్టుకున్నారో మనకు తెలియదు.

చివరగా ఒక పని. బరంపురంలోనో, షోలాపూరులోనో, యానాంలోనో మీ ఇళ్లలో పెద్దలను అడగండి. ఆ రెండేళ్లలో ఎవరు పోయారు? ఇంటివారు ఏ రోగమన్నారు? కాగితంలో ఏమని రాశారు? ఏ భాషలో ఏ మాట వాడారో అలాగే రాసుకోండి. 1918లో ఆ పని చేసినవారు లేకనే, మన పూర్వులలో ఎందరో 'జ్వరాలు' అనే ఒక్క మాట కింద మిగిలిపోయారు.